వార్తలకు డబ్బులు కట్టి చదివా: ఏది ఉంచుకున్నా, ఏది తీసేశా

ముందు తీర్పు చెప్పేస్తా, వివరాలు తర్వాత. చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కదా. ఆన్‌లైన్‌లో వార్తలకు డబ్బులు కట్టొచ్చా అంటే కట్టొచ్చు. కానీ ‘ఏం జరిగింది’ అని తెలుసుకోవడానికైతే ఒక్క రూపాయి పెట్టినా దండగే. అది మనం అడక్కపోయినా వస్తుంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది, యూట్యూబ్‌లో వస్తుంది, ఫోన్ లాక్ తీయకముందే నోటిఫికేషన్‌లో వచ్చి కూర్చుంటుంది. డబ్బులు పెట్టాల్సింది ఆ తర్వాత జరిగే పనికి. అంటే ఎవరో ఒకరు కూర్చుని జీవో మొత్తం చదివి, ఆఫీసుల చుట్టూ తిరిగి, అటువాళ్లతోనూ ఇటువాళ్లతోనూ మాట్లాడి, ఇదీ అసలు సంగతి అని మనకు చెప్పే పనికి. ఆ పనిని చందా తీసుకుని చేసేవాళ్లు మన దేశంలో ఇంగ్లీషులో కొందరు ఉన్నారు. తెలుగులో నేను చాలా వెతికా, జేబులో చెయ్యి పెట్టి రెడీగా ఉన్నా కట్టించుకునేవాళ్లు దొరకలేదు.

నేను జర్నలిస్టును కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం, సొంతూరు నల్గొండ జిల్లా, ఇంట్లో నాన్నకు పొద్దున్నే పేపరు రాకపోతే ఇల్లంతా చిరాకు. నాకు కాగితం పేపరు తిరగేసే తీరిక లేక కొన్నేళ్లుగా అంతా ఫోన్‌లోనే, అలా ఒక్కో చందా చేరుతూ వచ్చింది. ఓటీటీ యాప్‌ల మీద రివ్యూలు రాసేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, వార్తల చందా గురించి మాత్రం ‘కట్టాను, ఇలా ఉంది’ అని చెప్పేవాళ్లు కనిపించరు. కట్టినవాళ్లే తక్కువ కాబట్టి అది సహజమే.

ఇప్పటికీ ఉంచుకున్న దానితో మొదలుపెడతా. న్యూస్‌లాండ్రీ, ది న్యూస్ మినిట్ అనే రెండు ఇంగ్లీషు వార్తా సైట్లు కలిపి ఇచ్చే ఉమ్మడి చందా. న్యూస్‌లాండ్రీ 2012లో ఢిల్లీలో మొదలైంది, న్యూస్ మినిట్ 2014లో బెంగళూరులో. మొదటిది ప్రకటనలు తీసుకోదు, చదివేవాళ్లు కట్టే డబ్బుతోనే నడుస్తామంటుంది. విచిత్రం ఏమిటంటే అందులో చాలా రిపోర్టులు చందా లేనివాళ్లు కూడా చదవొచ్చు. మరి నువ్వెందుకు కట్టడం అని మా ఆఫీసులో అడిగారు. వార్త అందరికీ ఫ్రీగా ఉండాలంటే కట్టగలిగినవాళ్లు కట్టాలి అన్నది వాళ్ల పద్ధతి, గుళ్లో అన్నదానానికి రసీదు రాయించుకోవడం లాంటిదనుకోండి, పంక్తిలో మనం కూర్చున్నా కూర్చోకపోయినా. ఫలానా స్టోరీ చేయడానికి ఇంత కావాలి అని అడిగి విడిగా డబ్బు పోగుచేసే ఏర్పాటు కూడా ఉంది, దాని పేరు ఎన్ఎల్ సేన. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే నా డబ్బు ఏ పనికి పోతోందో ముందే తెలుస్తుంది.

ఈ చందా ఎందుకు నిలబడిందో ఒక్క ఉదాహరణ చెబితే చాలు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టొరల్ బాండ్లు, అంటే పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే పద్ధతి, చెల్లవని కొట్టేసింది, మార్చిలో ఎవరు ఎంత కొన్నారో లెక్కలు బయటికొచ్చాయి. లెక్కలంటే ఏముంది, కంపెనీ పేరు, తేదీ, మొత్తం, వరుసగా పేజీలకు పేజీలు. అందరూ మొదటి రోజు పైనున్న పేర్లు చెప్పి ఊరుకున్నారు. మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్ రూ.966 కోట్లతో దేశంలో రెండో స్థానంలో ఉందన్నది అందరూ చదివిందే. ఆ తర్వాత న్యూస్‌లాండ్రీ, న్యూస్ మినిట్, స్క్రోల్ కలిసి, కొందరు విడి జర్నలిస్టులను కూడా పెట్టుకుని ఆ జాబితాను ఒక్కో కంపెనీగా తవ్వుకుంటూ పోయాయి. ఈ కంపెనీ ఎవరిది, ఏ కాంట్రాక్టు ఎప్పుడొచ్చింది, బాండ్లు ఎప్పుడు కొంది, దాని మీద ఈడీ, ఐటీ దాడులు ఎప్పుడు జరిగాయి, అన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. మామూలుగా ఒకరితో ఒకరు పోటీ పడాల్సిన సంస్థలు అవి. నేను కట్టింది ఆ పనికి, ఆ నెలలో నాకు డబ్బులు వసూలైనట్టే అనిపించింది.

లోటుపాట్లు లేవా అంటే ఉన్నాయి. ‘హఫ్తా’ అని చందాదారుల కోసం వారం వారం ఒక పాడ్‌కాస్ట్ చేస్తారు, గంటకు పైగా సాగుతుంది, సగం ఢిల్లీ టీవీ యాంకర్ల గొడవలే. ఆ యాంకర్లను మనం చూడనే చూడం, వాళ్లను తిడితే మనకేం సరదా. అయితే అందులో చందాదారుల ఉత్తరాలు చదువుతారు, తిట్లతో సహా చదువుతారు, ‘మీ ఫలానా ఎపిసోడ్‌లో మీరు చెప్పింది తప్పు’ అని ఎవరో పేజీన్నర రాస్తే దాన్ని కూర్చుని చదివి జవాబు చెబుతారు. మన టీవీ చానళ్లు చూసి చూసి ఉన్న నాకు అది కొంచెం షాకే. న్యూస్ మినిట్ వాళ్ల ‘సౌత్ సెంట్రల్’ దక్షిణాది గురించి కాబట్టి మనకు దగ్గరగా ఉంటుంది, కానీ అందులోనూ కేరళ, తమిళనాడు, కర్ణాటక ముచ్చట్లు అయ్యాక మన రెండు రాష్ట్రాలకు మిగిలే వాటా తక్కువే అని నా ఫిర్యాదు. ఇంకో పెద్ద లోటు, అంతా ఇంగ్లీషు. నాన్నకు లింకు పంపితే బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపిస్తారు, చదవలేదని దానర్థం. ఐదుకు నాలుగు ఇస్తా.

ది కెన్ గురించి ఎక్కువ చెప్పను. 2016లో బెంగళూరులో మొదలైనప్పుడు వాళ్లిచ్చిన మాట రోజుకు ఒక్కటే కథనం, వ్యాపారాల మీద, లోతుగా. దేశంలో ఫ్రీ వార్తలు పొంగి పొర్లుతున్న రోజుల్లో, అదీ జియో వచ్చి డేటా నీళ్లలా దొరకడం మొదలైన ఏడాదిలోనే, రోజుకు ఒక్కటే ఇస్తాం, దానికి ఏడాదికి వేలల్లో తీసుకుంటాం అని అడగడానికి గుండె ధైర్యం కావాలి. నిలబడ్డారు కూడా. స్టార్టప్‌లోనో, ఫైనాన్స్‌లోనో, ఫార్మాలోనో ఉంటే మీ కంపెనీ చేత కట్టించుకోండి, చాలామంది అలాగే చేస్తారు. నేను ఆ తరహా ఉద్యోగం నుంచి బయటికొచ్చాక రెన్యువల్ ఆపేశా, రాతలో లోపం ఏమీ లేదు, నాకు అవసరం తీరిపోయింది అంతే.

ఇక నన్ను విసిగించింది ఒక పాత ఇంగ్లీషు దినపత్రిక సైటు, పేరు చెప్పను. పండగ ఆఫర్‌లో సగానికి సగం రేటు అంటే ఏడాదికి కట్టేశా. కట్టాక మొదటి రోజు లాగిన్ అయి చూస్తే ప్రకటనలు అలాగే ఉన్నాయి. పైన ఒకటి, వార్త మధ్యలో రెండు, కింద వీడియో ఒకటి దానంతట అదే మోగుతుంది. హెల్ప్‌కు రాస్తే ‘మీరు తీసుకున్న ప్లాన్ చదవడానికి, ప్రకటనలు లేకుండా కావాలంటే వేరే ప్లాన్’ అన్నారు. సరే పోనీ అనుకుంటే యాప్ వారానికోసారి లాగౌట్ చేసేసి, మళ్లీ ఓటీపీ అడిగి, ఓటీపీ వచ్చేలోపు ‘ఈ కథనం చందాదారులకు మాత్రమే’ అని నాకే చూపించేది. ఈ-పేపర్‌కు విడిగా లాగిన్, దాని పాస్‌వర్డ్ వేరు. ఏడాది తిరిగేసరికి పూర్తి రేటుకు రెన్యువల్, రద్దు చేసుకునే బటన్ ఎక్కడా లేదు, మెయిల్ పెట్టాలట. మెయిల్ పెడితే ఒకావిడ ఫోన్ చేసి ‘సర్, మీకోసం ప్రత్యేకంగా మళ్లీ సగం రేటుకు’ అన్నారు. అంటే పాత కస్టమర్ నోరు మూసుకుని ఉంటే పూర్తి రేటు, గొడవ చేస్తే సగం. ఐదుకు ఒకటి, ఆ ఒకటి కూడా అందులో వచ్చే గడినుడికట్టుకు.

ఇక్కడో పక్కమాట, ఎందుకంటే డబ్బులు కట్టే పద్ధతి సగం రివ్యూ. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం కార్డు నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బు లాగాలంటే కనీసం 24 గంటల ముందు మనకు చెప్పాలి, వద్దంటే ఆపుకోవచ్చు. అప్పట్లో చాలామంది చందాలు ఒక్కసారిగా ఆగిపోయాయి, వార్తా సంస్థలకు తలనొప్పి అయ్యింది. చదివేవాడిగా నాకు మాత్రం అది వరమే. యూపీఐ ఆటోపే పెట్టుకుంటే ఇంకా సుఖం, ఏ సైటుకూ బతిమాలే పని లేకుండా మన యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాలోకి వెళ్లి మనమే తీసేయొచ్చు. చేరడం తేలిక, బయటపడటం కష్టం అన్నట్టు చందాలు పెట్టడాన్ని 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల అథారిటీ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తికమకపెట్టి ఇరికించే డిజైన్లు) మార్గదర్శకాల్లో తప్పుగా రాశారు కూడా. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: ఇంటికొచ్చే కాగితం పేపరు మీద జీఎస్టీ లేదు, ఆన్‌లైన్ వార్తల చందా బిల్లు చూస్తే 18 శాతం ఉంటుంది. పేపరైతే చదివాక కిలోల లెక్కన అమ్ముకోవచ్చు, ఇక్కడ అదీ లేదు.

న్యూయార్క్ టైమ్స్ సంగతి. ఇది చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో జనం వార్తలకు డబ్బులు కడతారా అన్న ప్రశ్నకు అందరూ చూపించే జవాబు ఇదే. వాళ్లకూ మొదటిసారి కుదరలేదు. 2005లో పేరున్న కాలమిస్టుల వ్యాసాలను మాత్రం తాళం వేసి ఏడాదికి 50 డాలర్లు అడిగారు, రెండేళ్లకే ఎత్తేశారు. 2011లో మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి నెలకు 20 వ్యాసాలు ఫ్రీ, ఆ తర్వాత కట్టాలి అని. 2023 నాటికి చందాదారులు కోటి దాటారు. అయితే అందులో కిటుకు ఒకటుంది. 2022 జనవరిలో వర్డ్‌ల్ అనే ఆటను కొన్నారు, అంతకుముందే వంటల యాప్ ఉంది, పదకేళీలు ఉన్నాయి, స్పోర్ట్స్ సైటు ఒకటి కొన్నారు, అన్నీ కలిపి ఒకే కట్టగా అమ్ముతారు. నా వాడకం నిజాయితీగా చెప్పాలంటే పొద్దున ఆట, రాత్రి వారంలో ఒకట్రెండు పెద్ద కథనాలు. మనవాళ్లకు కొత్తగా అనిపించొచ్చు గానీ మన పేపర్లు ఎప్పటినుంచో చేసింది ఇదేగా, ఆదివారం అనుబంధం కోసం, వారఫలాల కోసం, పదవినోదం కోసం పేపరు వేయించుకున్న ఇళ్లు ఎన్ని లేవు. ఆఫర్‌లో ఉన్నంతకాలం ఐదుకు నాలుగు, ఆఫర్ పోయాక మూడు. డాలస్‌లో ఉన్న మా కజిన్ అక్కడి పేపరుకు పూర్తి రేటు కడుతుంది, తెలుగు సైట్లు మాత్రం పొద్దున లేవగానే ఫ్రీగా చూసుకుంటుంది. అడిగితే ‘అడగనిదానికి ఎలా కట్టను’ అంటుంది. పాయింటే.

ఎక్కడైనా జనం తక్కువే కడుతున్నారు, అది గుర్తుపెట్టుకోవాలి. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏటా చేసే సర్వేలో 2024లో తేలింది ఏమిటంటే, 20 ధనిక దేశాలు కలిపి చూస్తే ఆన్‌లైన్ వార్తలకు ఏదో రూపంలో డబ్బు కట్టినవాళ్లు 17 శాతం. నార్వేలో 40 శాతం, బ్రిటన్‌లో 8 శాతం. బ్రిటన్‌నే తీసుకుంటే, ఒకే యజమానికి చెందిన రెండు లండన్ పేపర్లున్నాయి. ‘ది టైమ్స్’ 2010లో సైటుకు పూర్తిగా తాళం వేసింది, ఇప్పటికీ చందా మీదే నడుస్తోంది. అదే యజమాని 2013లో ‘ది సన్’కు కూడా తాళం వేశాడు, 2015లో తీసేయాల్సి వచ్చింది. సన్‌లో దొరికే సెలబ్రిటీ కబుర్లు, ఫుట్‌బాల్ గోల కట్టకుండానే పక్క సైటులో దొరుకుతాయి మరి. ఇంకోపక్క ‘ది గార్డియన్’ తాళమే వేయకుండా, ప్రతి వ్యాసం కింద ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి అని అడిగి బతుకుతోంది. ఒక్కో వ్యాసానికి కొద్దిగా పైసలు తీసుకుని ఇద్దామని నెదర్లాండ్స్‌లో బ్లెండిల్ అని ఒకటి 2014లో వచ్చింది, నచ్చకపోతే డబ్బు వాపసు కూడా ఇచ్చేది, వినడానికి అంతకంటే న్యాయమైన బేరం ఉండదు, 2019కల్లా ఆ పద్ధతి వదిలేసి నెలవారీ చందాకు మారింది. ఒక్కో వ్యాసం దగ్గర ఆగి ‘ఇది కొనాలా వద్దా’ అని ఆలోచించడమే పెద్ద పని, పది రూపాయలైనా సరే.

ఇక మన తెలుగు. ఇక్కడ రివ్యూ చేయడానికి చందా లేదు కాబట్టి ఫ్రీగా ఇస్తున్నదాన్నే రివ్యూ చేస్తా. హెడ్డింగ్: ‘ఆ జిల్లాలకు అతి భారీ వర్ష సూచన’. ఏ జిల్లాలు? నొక్కితే గానీ చెప్పరు. నొక్కితే తెర సగం కప్పేస్తూ లోన్ యాప్ ప్రకటన, మూసేసే ఇంటూ గుర్తు ఆవగింజంత, వేలు కొంచెం అటూ ఇటూ అయితే ప్లే స్టోర్‌లో తేలతాం. వెనక్కి వస్తే మొదటి పేరాలో అల్పపీడనం ఎక్కడ పుట్టిందో ఉంటుంది, రెండో పేరాలో అధికారులు అప్రమత్తమయ్యారని ఉంటుంది, మధ్యలో హీరోయిన్ ఫొటోల లింకు, ఆ తర్వాత ‘ఇదీ చదవండి’, ఐదో పేరాలో జిల్లాల పేర్లు. అప్పటికి వాన వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. రాసే కుర్రాడిని నేను తప్పుపట్టను, అతనికి రోజుకు ఎన్ని ఐటమ్స్, ఎన్ని క్లిక్కులు అన్నదే లెక్క. చదివేవాడు డబ్బు కట్టనిచోట డబ్బు కట్టేవాడు లోన్ యాప్ వాడు, కాబట్టి పేజీ అతనికి నచ్చేట్టే ఉంటుంది.

కాగితం పేపరుకు మనం కడుతున్నాం కదా అనొచ్చు. కడుతున్నాం, కానీ అది అచ్చుకు, కాగితానికి, తెల్లారేసరికి గుమ్మంలో వేసే మనిషికి కూడా సరిగ్గా చాలదు, మిగిలిందంతా ప్రకటనలే, అందులో ప్రభుత్వ ప్రకటనల వాటా ఎవరికి ఎంత అన్నది ప్రభుత్వం మారినప్పుడల్లా మారే వ్యవహారం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు రూ.200 చొప్పున ఇచ్చింది, వాలంటీర్లు రెండున్నర లక్షల మంది. ఇది అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన పత్రిక సర్క్యులేషన్ పెంచడానికే అని ఈనాడు ప్రచురణ సంస్థ కోర్టుకెక్కింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023లో కేసు ఢిల్లీ హైకోర్టుకు మారింది. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెట్టండి. వార్తకు డబ్బు ఎవరు కడుతున్నారు అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది మన తెలుగు నేల మీదే. ఏ పేపరు ఎవరి వైపో అందరికీ తెలుసు, మా నాన్న లాంటివాళ్లు రెండు పేపర్లు చదివి మధ్యలో ఎక్కడో నిజం ఉంటుందని సర్దుకుంటారు. రెండు బిల్లులు కట్టి మరీ.

పీడీఎఫ్‌ల సంగతి సరేసరి. 2020 లాక్‌డౌన్‌లో పేపరు ముట్టుకుంటే కరోనా వస్తుందన్న భయంతో చాలా ఇళ్లలో మానేశారు, అప్పటినుంచీ తెల్లవారుజామున వాట్సాప్‌లోకీ టెలిగ్రామ్‌లోకీ అన్ని పేపర్ల పీడీఎఫ్‌లు దిగడం అలవాటైపోయింది. అలా పంచడం చట్టవిరుద్ధమని ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ అప్పట్లో హెచ్చరించింది, దైనిక్ జాగరణ్ వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి టెలిగ్రామ్ మీద ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఎవరైనా భయపడ్డారా? మా గ్రూపులో పంపే పెద్దాయన ఇప్పటికీ ‘శుభోదయం’ బొమ్మతో కలిపి పంపుతారు. అదే కాలంలో విపుల, చతుర అచ్చు ఆపి ఆన్‌లైన్‌కే పరిమితమై, 2021లో పూర్తిగా ఆగిపోయాయి. నెలకో నవల, నెలకో కథల పుస్తకం ఇచ్చిన పత్రికలవి. వాటికి ఆన్‌లైన్‌లో చందా కట్టమని గట్టిగా అడిగి ఉంటే కట్టేవాళ్లలో నేను మొదటి వరుసలో ఉండేవాణ్ణి.

ఇక ‘తెలుగోళ్లు చదవడానికి డబ్బులు పెట్టరండీ’ అనే మాట. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పక్కన అశోక్‌నగర్ వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు, ఇంటినుంచి వచ్చే డబ్బుతో రూమ్ రెంటు, మెస్ బిల్లు కట్టుకుంటూ, అందులోనే మిగిల్చి నెలనెలా కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్ కొంటారు, యాప్‌లో టెస్ట్ సిరీస్ కొంటారు. కరెంట్ అఫైర్స్ అంటే ఏంటి, పోయిన నెల వార్తలే. ఫ్రీగా వచ్చిన అవే వార్తలను ఎవరో ఏరి, క్రమంలో పెట్టి, అనవసరమైంది తీసేసి ఇస్తే జేబులో డబ్బు లేనివాళ్లే కొంటున్నారు. తెలుగు మాత్రమే ఇస్తామని 2020 ఉగాదికి ఆహా వస్తే దానికీ కట్టారు. జిల్లా పేజీలు విడిగా వేయడం మొదలుపెట్టి ఈనాడు ఊరూరా ఎలా పాకిందో పాతవాళ్లకు తెలుసు, మన మండలం పేరు పేపర్లో కనిపిస్తే ఆ రోజు పేపరు దొరికేది కాదు. కొనేవాళ్లకు లోటెప్పుడూ లేదు.

నేను దేనికి కడతానో కూడా చెబుతా. 2020 అక్టోబర్‌లో తెలంగాణలో భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ వారం మా ఊరినుంచి ఎన్ని ఫోన్లో. సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు) దరఖాస్తు 2020లోనే పెట్టాం, ఇప్పుడు మళ్లీ పెట్టాలా? పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పు పడింది, తహసీల్దార్ దగ్గరికా, ఆర్డీవో దగ్గరికా? అప్పీలు ఎన్ని రోజుల్లో? మా బాబాయి యూట్యూబ్‌లో చూసి ఒకటి చెబుతారు, అత్త వాళ్లబ్బాయి ఇంకో వీడియో చూసి ఇంకోటి చెబుతాడు, రెండింటి మీదా ‘రైతులకు బిగ్ షాక్’ అనే ఉంటుంది. పేపర్లలో మంత్రి ప్రసంగం వచ్చింది, ప్రారంభోత్సవం ఫొటో వచ్చింది, ప్రతిపక్షం విమర్శ వచ్చింది. నాకు కావాల్సింది చట్టం చదివినవాడు మామూలు తెలుగులో రాసిన రెండు పేజీలు, నెల తర్వాత ఊళ్లోకి వెళ్లి ‘చెప్పినట్టు జరుగుతోందా’ అని చూసి రాసిన ఇంకో రెండు పేజీలు. మధ్యలో రూల్ మారితే పాత వ్యాసం పైనే ‘ఇది మారింది’ అని తేదీతో సహా ఒక ముక్క. కళ్లద్దాలు మర్చిపోయే నాన్న కోసం అదే వ్యాసం ఎవరైనా మనిషి గొంతుతో చదివి పెడితే ఇంకా సంతోషం, ఇప్పుడు కొన్ని సైట్లలో వచ్చే యంత్రం గొంతు ‘డా.’ అని ఉంటే ‘డాక్టర్’ అని కూడా చదవలేదు. ఇలాంటివి వారానికి రెండొచ్చినా చాలు, రోజూ అక్కర్లేదు. నెలకు వంద రూపాయలు కళ్లు మూసుకుని కడతా, నాన్నకు ఒకటి, బాబాయికి ఒకటి కలిపి కడతా. వే2న్యూస్, డైలీహంట్ లాంటివాటిలో ఊరి వార్తలు ఫ్రీగా వస్తున్నాయిగా అనకండి, అవి ‘ఫలానా ఊళ్లో సీసీ రోడ్డుకు శంకుస్థాపన’ దగ్గర ఆగిపోతాయి. ఆ రోడ్డు వేశారా, వేస్తే తొలి వానకు ఏమైంది అన్నది వంద రూపాయల భాగం.

పెద్ద సంస్థలు ఇది చేస్తాయా అంటే నాకు నమ్మకం తక్కువే, ఫ్రీ సైటుకు వచ్చే క్లిక్కులు పోతాయన్న టెన్షన్ వాళ్లది. న్యూస్ మినిట్ లాంటివాళ్లు తెలుగులోకి దిగితే బాగుంటుంది, చందాదారుడి హోదాలో ఆ ముక్క రాసి పంపించా కూడా.

కొత్తగా కట్టి చూద్దామనుకునేవాళ్లకు: హైదరాబాద్, బెంగళూరులో ఉండి ఇంగ్లీషు చదవడం ఇబ్బంది లేకపోతే న్యూస్‌లాండ్రీ–న్యూస్ మినిట్ ఉమ్మడి చందాతో మొదలుపెట్టండి, వ్యాపారం మీ పనైతే కెన్, పదాల ఆటల పిచ్చి ఉంటే న్యూయార్క్ టైమ్స్. ఏదైనా సరే మొదట నెల ప్లాన్ తీసుకోండి, ఏడాది ఆఫర్ చూసి తొందరపడకండి, ఆగస్టు 15కో జనవరి 26కో దీపావళికో మళ్లీ ఆఫర్ పడుతూనే ఉంటుంది. యాప్‌లో నుంచి కట్టేముందు వెబ్‌సైట్‌లో రేటు ఒకసారి చూసుకోండి, కొన్నిచోట్ల తేడా ఉంటుంది. కట్టగానే ‘రద్దు’ ఎక్కడుందో ఆ రోజే వెతికి పెట్టుకోండి, అది కనిపించకపోతే రెండో నెల కట్టకండి.